గాలికి సంస్కారము

ఏసీ యంత్రమును కొనుటకు దుకాణమునకు పోయిన గృహస్థుని అచ్చటివారు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటి కలదు: “ఎన్ని టన్నులది కావాలండీ?” గృహస్థు తన గది పొడవు వెడల్పులు చెప్పును. “అయితే ఒకటిన్నర టన్నుది సరిపోతుందండీ” అని వారు తేల్చివేయుదురు. గోడకు తగిలించు ఆ పెట్టెను ఒక్క మనుష్యుడు ఎత్తగలడు. అందులో టన్ను తూగు వస్తువేదియు లేదు. మరి ఈ టన్ను ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో మనము అమెరికా దేశపు గడ్డకట్టిన చెరువుల యొద్దకును, అచ్చటినుండి మద్రాసు సముద్రతీరమునకును ప్రయాణము చేయవలసి యుండును.

ప్రతి శాస్త్రమునకును ఒక పరిభాష కలదు. ఆ పరిభాషలోని మాటలు పనివారి నోట, వర్తకుల నోట, వైద్యుల నోట పుట్టి, తరములు మారినను తమ పుట్టుక గుర్తులను పోగొట్టుకొనక మన యిండ్లకు చేరుచున్నవి. గాలిని వేడిచేయుట, చల్లబరచుట, మార్చుట అను పనులకు సంబంధించిన మాటలలో కొన్నిటి చరిత్రను ఇచ్చట చెప్పదలచితిమి. ఆ చరిత్రను చదువుచున్నప్పుడు ఒక ప్రశ్న మాటిమాటికి ఎదురగుచుండును: గాలిని బాగుచేసినది ఎవరి కొరకు?

మొదట టన్ను మాట. బోస్టన్ నగరపు వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలమున చెరువులపై పేరుకొను మంచుగడ్డను కోయించి, రంపపు పొట్టులో పొదిగి, ఓడలకెక్కించి ఉష్ణదేశములలో అమ్ముటను వ్యాపారముగా పెట్టుకొనెను. 1833లో ‘టస్కనీ’ అను ఓడ సుమారు 180 టన్నుల మంచుగడ్డతో బోస్టన్ రేవు విడిచి, నాలుగు నెలలు సముద్రముపై ప్రయాణము చేసి కలకత్తా చేరెను. దారిలో కరగినది కరగగా సుమారు 100 టన్నులు మిగిలెను. ఈ వ్యాపారము మద్రాసునకును వ్యాపించెను. 1842 ప్రాంతమున మద్రాసు సముద్రపుటొడ్డున మంచుగడ్డను నిలువచేయుటకు ఒక భవనమును కట్టించిరి. ‘ఐస్ హౌస్’ అని నగరవాసులందరు ఎరిగిన కట్టడమదియే. పడమటి దేశములనుండి తిరిగివచ్చిన వివేకానందస్వామి 1897లో అందు బస చేయుటచే, నేడది ఆయన పేరిట వెలసియున్నది.

పిమ్మట మంచుగడ్డను చేయు యంత్రములు, గదులను చల్లబరచు యంత్రములు వచ్చినవి. ఆ యంత్రముల సత్తువ ఎంతయో కొనువారికి ఎట్లు చెప్పవలెను? అప్పటివరకు వారెరిగిన చల్లదనపు కొలత ఒక్కటే: మంచుగడ్డ ఎన్ని టన్నులు అని. కావున, ‘ఒక రోజులో ఇన్ని టన్నుల మంచుగడ్డ కరగి చేయు పనిని ఈ యంత్రము చేయును’ అని చెప్పుట వాడుకయైనది. గుఱ్ఱముల పనితో పరిచయమున్న వారికి ఆవిరి యంత్రపు బలమును జేమ్స్ వాట్ గుఱ్ఱముల లెక్కలో చెప్పినట్లే ఇదియును. మంచుగడ్డ ఓడలు పోయినవి; టన్ను మిగిలినది.

ఆ టన్నులో ఎంత చల్లదనము ఇమిడియున్నదో చూతము. స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున 1760 తరువాతి యేండ్లలో ఆచార్యుడుగానున్న జోసెఫ్ బ్లాక్ ఒక వింతను పరీక్షించి తెలిసికొనెను. కరగుచున్న మంచుగడ్డ చుట్టునున్న వేడిని ఎడతెగక పీల్చుకొనుచుండును. అయినను పూర్తిగా కరగువరకు దాని వేడిమి ఒక్క డిగ్రీ యైనను పెరుగదు. ఉష్ణమాపకమునకు కనబడక దాగియుండు ఈ వేడిని మన పాఠ్యపుస్తకములు గుప్తోష్ణము అనుచున్నవి. ఒక పౌను నీటిని ఫారన్‌హీట్ కొలతలో ఒక్క డిగ్రీ వేడిచేయుటకు వలయు ఉష్ణమే యంత్రములపై కనబడు ‘బీటీయూ’. ఒక పౌను మంచుగడ్డ కరగుటకు అట్టివి 144 కావలెను. అమెరికా టన్ను 2000 పౌన్లు, అనగా సుమారు 907 కిలోలు. అంత మంచుగడ్డ కరగుటకు 2,88,000 బీటీయూలు పట్టును. దానిని 24 గంటలకు పంచినచో గంటకు 12,000. నేటి ఒక టన్ను యంత్రము గది నుండి గంటకు తీసివేయు వేడి ఇంతయే. ఒకటిన్నర టన్నునకు 18,000 అగును.

ఇందు మనము గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. చల్లదనము అనునది గదిలో పోయదగిన వస్తువు కాదు. గదిలోని వేడిని తోడి వెలుపల పోయుటయే యంత్రపు పని. నీరు తనంతట పల్లమునకే పోవును. మిట్టకు ఎక్కింపవలెనన్న ఏతాము కావలెను, దానిని త్రొక్కు మనుష్యుడును కావలెను. వేడియు అట్లే తనంతట వెచ్చని చోటినుండి చల్లని చోటికే పోవును. చల్లని గదినుండి మండు వీధిలోనికి దానిని ఎక్కించుటకు ఏతాము వంటి యంత్రమును, దానిని నడుపుటకు విద్యుచ్ఛక్తియు కావలెను. తోడిన వేడి ఎక్కడికిని పోదు. మన గోడకు ఆవలి ప్రక్కన నిలిచియుండును. ఈ మాటను వ్యాసాంతమున మరల తలచుకొందము.

గదిని చల్లబరచు యంత్రమును మొట్టమొదట తలపెట్టినవారిలో ఒకరు వైద్యుడగుట విశేషము. అమెరికాలో ఫ్లారిడా ప్రాంతమునందలి అపలాచికోలా రేవుపట్టణమున జాన్ గోరీ అను వైద్యుడు జ్వరపీడితుల గదులలో, పైకప్పునకు దగ్గరగా మంచుగడ్డ పళ్ళెములు వ్రేలాడదీయించెను. చల్లబడిన గాలి బరువెక్కి క్రిందనున్న రోగులపైకి దిగుచుండెను. కాని మంచుగడ్డకు ఓడలే దిక్కు; ఓడ రానినాడు రోగికి చల్లదనము లేదు. అందుచే ఆయన, గాలిని అదిమి, ఆ అదుముటలో పుట్టిన వేడిని తొలగించి, మరల వ్యాపింపనిచ్చినచో అది మిక్కిలి చల్లబడునను సూత్రముపై ఒక యంత్రమును నిర్మించి, 1851లో దానికి పేటెంటు హక్కును పొందెను. పెట్టుబడి దొరకలేదు. 1855లో ఆయన పేదరికముననే మరణించెను.

ఆ కాలపు వైద్యులవలెనే గోరీయును మలేరియా జ్వరమునకు బురదనేలల చెడుగాలియే కారణమని నమ్మెను. మలేరియా అను ఇటాలియను మాటకు అర్థమే ‘చెడుగాలి’. గాలిపై మోపబడిన ఈ నేరము కొట్టివేయబడినది మన తెలుగుగడ్డపైననే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిములను కనుగొనెను. నేరస్థురాలు దోమయని తేలినను, ఆ జ్వరమునకు చెడుగాలి పేరే నిలిచిపోయినది. రోగకారణమును ఊహించుటలో పొరబడినను, జ్వరముతో వేగువానికి చల్లదనము ఉపశమనమిచ్చునని గ్రహించుటలో గోరీ పొరబడలేదు. ఆయన గాలిని బాగుచేసినది రోగి కొరకు.

గాలిని చల్లబరచుటకంటె దానిని మార్చుట పాత విద్య. మన మండువా లోగిళ్ళలో వేడిగాలి నడిమి ఆరుబయటినుండి పైకి పోవుచుండ, వాకిళ్ళనుండియు కిటికీలనుండియు క్రొత్తగాలి వచ్చి చేరుచుండెడిది. తలుపుపైనుండు చిన్న కిటికీని మనము ‘వెంటిలేటరు’ అందుము. ఈ మాట చరిత్ర చిత్రమైనది. లండనులోని పార్లమెంటు దిగువసభ గది, సభ్యుల ఊపిరితోను కొవ్వొత్తుల సెగతోను ఉడికిపోవుచుండగా, 1723లో డెసాగ్యులియర్స్ అను శాస్త్రజ్ఞుడు పై అంతస్తున నిప్పు రగిల్చి, ఆ సెగచే క్రిందిగాలిని పైకి లాగు ఏర్పాటు చేసెను. కాని పై గదులు తన అధీనమున నుండిన ఒక గృహనిర్వాహకురాలికి ఈ రాకపోకలు నచ్చలేదు. సభ కూడి గది బాగుగా వేడెక్కువరకు ఆమె నిప్పు రగిలింపకుండెను. అప్పుడు పైనున్న చల్లనిగాలియే క్రిందికి దిగి, ఏర్పాటు తలక్రిందులయ్యెను.

పట్టువిడువక ఆయన 1736 ప్రాంతమున ఏడడుగుల వ్యాసముగల విసనచక్రమును అమర్చెను. దానిని ఒక మనుష్యుడు చేతితో త్రిప్పవలెను. సభాధ్యక్షుని ఆజ్ఞను అనుసరించి అతడు చెడుగాలిని బయటికి లాగుటయో, క్రొత్తగాలిని లోనికి త్రోయుటయో చేయుచుండెను. ఆ త్రిప్పువానికే ‘వెంటిలేటర్’ అని పేరు. అనగా వెంటిలేటరు ఆనాడు ఒక మనుష్యుడు. పిదప ఆ పేరు కిటికీకి వచ్చినది. 2020లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు, ఊపిరి పీల్చలేని రోగికి గాలినందించు ఆసుపత్రి యంత్రముగా అదే మాట ఇంటింటను వినబడినది.

మన దేశమునను ఇట్టి మనుష్యుడు ఉండెను. కచ్చేరీలలోను దొరల బంగళాలలోను పైకప్పునుండి వ్రేలాడు గుడ్డపంకాకు త్రాడు కట్టి, దాని కొనను వరండాలో కూర్చుండినవాడు లాగుచుండెడివాడు. లోపలివారికి గాలి, వెలుపలివానికి చెమట. పంకా గాలిని ఇసుమంతయు చల్లబరచదు. అది గాలిని కదపగా మన చెమట త్వరగా ఆరును. ఆరునప్పుడు శరీరపు వేడిని తనతో తీసికొనిపోవును. వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లుటలోనున్న మర్మమును ఇదియే. కరగునప్పుడు మంచుగడ్డ వేడిని పీల్చినట్లే, ఆవిరియగునప్పుడు నీరును వేడిని పీల్చును. నేడు ఇండ్లలో వాడు ఎయిర్ కూలరు వట్టివేళ్ళ తడికకు విద్యుత్పంకా తగిలించినదే గాని వేరు కాదు.

అయితే కర్నూలులో చక్కగా పనిచేసిన కూలరు విశాఖపట్టణమున ఎందులకు పనిచేయదు? ఈ ప్రశ్న వేలకొలది రూపాయలు వెచ్చించు గృహస్థులకు ముఖ్యమైనది. సమాధానము గాలిలోని తేమలో కలదు. రేడియోలో వాతావరణ సూచన చెప్పునప్పుడు ‘గాలిలో తేమ ఇంత శాతము’ అను మాటను శ్రోతలు వినుచునే యుందురు. ఒకానొక వేడిమియందు గాలి ఎంత ఆవిరిని ఇముడ్చుకొనగలదో, అందులో ఎంత వంతు ఇప్పుడున్నదో తెలుపునదే ఆ శాతము. పొడిగాలికి దప్పిక ఎక్కువ. నీటిని త్వరగా త్రాగి చల్లబడును. తడిగాలికి దప్పిక లేదు. అందు తడిక ఆరదు, చెమట ఆరదు.

దీనిని కొలుచుటకు రెండు ఉష్ణమాపకములు చాలును. ఒకదానిని ఉన్నదున్నట్లుంచి, రెండవదాని బల్బునకు తడిగుడ్డ చుట్టి గాలి తగులనీయవలెను. మొదటిది చూపునది పొడి బల్బు వేడిమి, రెండవది చూపునది తడి బల్బు వేడిమి. గాలి ఎంత పొడిగానున్న ఈ రెంటికి భేదమంత ఎక్కువగా నుండును. ఎండకాలమున రామగుండము వంటి చోట 45 డిగ్రీల వేడిమియు 15 శాతము తేమయు ఉన్నవనుకొందము. తడి బల్బు సుమారు 24 డిగ్రీలు చూపును. మచిలీపట్నము వంటి చోట 36 డిగ్రీల వేడిమియు 70 శాతము తేమయు ఉన్నవనుకొందము. తడి బల్బు సుమారు 31 చూపును. 36 కంటె 45 పెద్దదే. కాని తడిసిన చర్మమున్న మన దేహమునకు తడి బల్బు లెక్కయు ముఖ్యము. మన భాష ఈ భేదమును ఏనాడో గుర్తించినది. మొదటిదానిని మనము ఎండ, వడగాలి అందుము. రెండవదానిని ఉక్క అందుము. వడగాలిలో దేహపు నీరు ఇంకిపోయి వడదెబ్బ తగులును. ఉక్కలో చెమట కారియు ఆరక వేడి దేహముననే నిలిచిపోవును. రెండును ప్రమాదకరములే.

శాస్త్రము ఈ సంగతిని గట్టిగా చెప్పుటకు కార్మికుల కష్టము కారణమయ్యెను. ఇంగ్లండులోని లాంకషైర్ నేతమిల్లులలో పొడిగాలికి నూలుపోగు తెగుచుండెను. పొడిగాలికి పోగు తెగునని మన నేతగాండ్రును ఎరుగుదురు. మిల్లుల యజమానులు మగ్గాల శాలలలోనికి ఆవిరిని వదలసాగిరి. నూలు తెగుట తగ్గెను. నేసెడివారు మాత్రము తడిబట్టలతో ఉక్కలో నిలిచి పనిచేయవలసివచ్చెను. వారి మొర ఫలితముగా 1889లో పార్లమెంటు ఒక చట్టము చేసి, శాలలలో తేమకు హద్దు విధించి, పొడి, తడి బల్బుల లెక్కలను చూచి వ్రాసియుంచవలెనని శాసించెను. తరువాత గనులలోను ఇతరత్రను పరీక్షలు జరిపిన జె. ఎస్. హాల్డేన్ అను శరీరశాస్త్రజ్ఞుడు 1905లో తన నిర్ణయమును ప్రకటించెను. నిశ్చలమైన గాలిలో తడి బల్బు సుమారు 31 డిగ్రీలు దాటినచో, ఊరక కూర్చున్న ఆరోగ్యవంతుని దేహపు వేడిమియు పెరుగనారంభించునని ఆయన తెలిపెను.

ఇక ‘ఎయిర్ కండిషనింగ్’ అను మాటకు వత్తుము. 1902 వేసవిలో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ భాగమున సాకెట్ విల్హెల్మ్స్ అను అచ్చుకూటమువారికి ఒక చిక్కు వచ్చెను. రంగుల అచ్చులో ఒక్కొక్క రంగును వేరువేరుగా వేయవలెను. ఒక రంగు వేసిన పిదప రెండవది వేయులోపల, గాలిలోని తేమకు కాగితము సాగుటయో, ముడుచుకొనుటయో జరిగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడకుండెను. చిక్కు విడదీయు పని విల్లిస్ క్యారియర్ అను ఇరువదియైదేండ్ల యింజనీరునకు అప్పగింపబడెను. సంవత్సరము పొడవునను గాలిలో తేమ 55 శాతమే ఉండునట్లు ఆయన యంత్రములను కూర్చెను. ఆ యంత్రముల బలము రోజుకు 1,08,000 పౌన్ల మంచుగడ్డ కరగినదానికి సమానము. అనగా 54 టన్నులు. ట్యూడర్ నాటి కొలత ఇచ్చటను వచ్చినది చూడుడు.

ఆ యేడే చలికాలమున పిట్స్‌బర్గ్ రైలు స్టేషనులో పొగమంచును చూచుచు నిలిచిన క్యారియరునకు ఒక యూహ తట్టెను. ఎండకాలమున చల్లనినీరు పోసిన చెంబు వెలుపల చెమర్చుట మనమెరిగినదే. గాలి ఒక హద్దు దాటి చల్లబడినచో, అందలి ఆవిరి నీటిబొట్లుగా విడిపోవును. ఆ హద్దునే మంచుబిందువు వేడిమి అందురు. కావున తగినంత చల్లని నీటిని తుంపరలుగా చిమ్మి, ఆ తుంపరలనుండి గాలిని పోనిచ్చినచో, నీటితోనే గాలిని ఆరబెట్టవచ్చును! వినుటకు వింతయైనను ఇది నిజము. ఈ యంత్రమునకు 1906 జనవరిలో ఆయనకు పేటెంటు వచ్చెను. వేడిమికి, తేమకు, మంచుబిందువునకు గల సంబంధములను సూత్రములుగా కూర్చి 1911లో అమెరికా యంత్రశాస్త్రజ్ఞుల సంఘమునకు ఆయన సమర్పించిన పత్రము ఈ శాస్త్రమునకు పునాది.

మాటను పుట్టించినవాడు మాత్రము క్యారియర్ కాదు. ఉత్తర కెరొలినా రాష్ట్రపు నేతమిల్లుల యింజనీరు స్టూవర్ట్ క్రామర్. నూలునకు నేతకు ముందు తగినంత తేమనిచ్చి సిద్ధపరచుటను మిల్లువారు ‘కండిషనింగ్’ అనుచుండిరి. నూలునకు చేయు ఆ పనిని గాలికే చేసినచో నూలు తానే బాగుపడునని క్రామర్ తలచి, 1906లో ‘ఎయిర్ కండిషనింగ్’ అను పేరు పెట్టెను. దీనిని ఉన్నదున్నట్లుగా తెలిగించినచో ‘గాలికి సంస్కారము’ అనవచ్చును. చల్లబరచుట మాత్రమే దాని అర్థము కాదు. గాలి యొక్క వేడిమి, తేమ, శుభ్రత, చలనము అను నాలుగింటిని కోరిన హద్దులలో నుంచుటయే ఎయిర్ కండిషనింగు. ఒకప్పుడు మన సినిమాహాళ్ళ ప్రకటనలలో కొన్నిట ‘ఎయిర్ కూల్డ్’ అనియు, కొన్నిట ‘ఎయిర్ కండిషన్డ్’ అనియు ఉండెడిది. మొదటిదానిలో నీరు చిలికిన గాలి, రెండవదానిలో సంస్కరింపబడిన గాలి. టిక్కెట్టు వెలలోని భేదమునకు కారణమదియే.

చూచితిరిగదా! ఈ విద్య పుట్టినది కాగితము కొరకు, నూలు కొరకు. మనుష్యుని సుఖము వెనుక వచ్చినది. 1925లో న్యూయార్కులోని రివోలి సినిమాశాలలో క్యారియర్ తన యంత్రములను నెలకొల్పెను. మొదటినాడు చేతి విసనకఱ్ఱలతో వచ్చిన ప్రేక్షకులు, గది చల్లబడిన కొలది ఒక్కరొక్కరుగా విసరుకొనుట మానివేసిరి. కాగితమునకు చేసిన ఉపచారము ప్రేక్షకునకును అందినది.

గదిని మూసి చల్లబరచుటతో క్రొత్త చిక్కొకటి వచ్చినది. రేడియో స్టూడియోలలో పనిచేయు మాబోటివారికి ఇది అనుభవమే. బయటిధ్వని చొరని గదిలో బయటిగాలియు చొరదు. కావున క్రొత్తగాలిని చప్పుడు లేకుండ గొట్టములద్వారా లోనికి తేవలెను. ఇంటి గోడకు తగిలించు సాధారణపు ఏసీ ఈ పని చేయదు. గదిలోనున్న గాలినే మాటిమాటికి లోనికి పీల్చి, చల్లబరచి, మరల గదిలోనికి వదలుచుండును. అందుచేతనే యింజనీర్లు వేడిచేయుట, గాలి మార్చుట, సంస్కరించుట అను మూటిని వేరువేరుగా పేర్కొందురు. గది చల్లగానున్నంత మాత్రమున గాలి క్రొత్తది కాదు. కరోనా దినములలో కిటికీలు తెరువుడని వైద్యులు పదేపదే చెప్పినది ఇందులకే. పెద్ద భవనములలో యంత్రముల నీటిని శుభ్రముగా ఉంచకపోయినను ముప్పు కలదు. 1976లో ఫిలడెల్ఫియా నగరపు హోటలులో లీజియన్ అను మాజీ సైనికుల సంఘసభ జరిగిన పిమ్మట పలువురు ఊపిరితిత్తుల జ్వరముతో మరణించిరి. తరువాత కనుగొనబడిన సూక్ష్మక్రిమి వెచ్చని నీటిలో పెరిగి తుంపరలవెంట వ్యాపించునదని తెలిసినది. ఆ జబ్బు ఆ సంఘము పేరనే లీజియన్నేర్స్ వ్యాధి యనబడుచున్నది.

ఇంకొక మాటను గూర్చి గృహస్థులు తెలిసికొనుట లాభకరము. యంత్రము చల్లబరచుట మానినప్పుడు “గ్యాసు అయిపోయిందండీ” అని చెప్పుట వాడుక. వంటగ్యాసు వలె ఇది మండి ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో ఆవిరియగుచు, మరల ద్రవమగుచు, వేడిని మోయుచు తిరుగుచుండును. అది తగ్గినదన్న ఎక్కడనో కారినదని అర్థము. ఆ చోటిని మూయక గ్యాసు మాత్రము నింపించుకొనుట చిల్లికుండలో నీరు పోయుటయే. తొలినాళ్ళలో ఈ పనికి అమోనియా, గంధకపు ధూమము వంటి విషవాయువులను వాడిరి. 1928లో థామస్ మిడ్‌గ్లీ బృందము మండనిదియు విషము కానిదియునగు ఫ్రియాన్ వాయువును కల్పించెను. ఇంటిలో నిర్భయముగా నుండిన ఆ వాయువు ఆకాశమున ఓజోను పొరను తినివేయునని 1974లో మోలినా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 1987లో మాంట్రియల్ ఒడంబడికచే దేశములు దానిని తగ్గించుటకు అంగీకరించినవి. దానికి బదులు వచ్చిన వాయువులు ఓజోనునకు హాని చేయవు గాని భూమిని వేడెక్కించునని తెలిసి, 2016లో కిగాలి నగరమున వానిని తగ్గించుటకు మరియొక ఒప్పందము జరిగినది.

కడపట మొదటి ప్రశ్నకే వత్తుము: గాలిని బాగుచేయునది ఎవరి కొరకు? 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు మన దేశమున 2,000 మందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారు. ఎండవేళ పొలమునను, కట్టడముల వద్దను, రోడ్డుపైనను పనిచేసెడివారికిని, రేకుల యిండ్లలోని వృద్ధులకును ఆ యెండను తప్పించుకొను దారి మిక్కిలి తక్కువ. చల్లని గదులనుండి తోడిన వేడియు వారు నిలిచిన వీధిలోనికే పోవుచున్నది. 2020 జనవరి నుండి మన దేశమున అమ్ము గది ఏసీలు మొదట 24 డిగ్రీల వద్ద నడచునట్లు అమర్చియుండవలెనని ప్రభుత్వము నియమము చేసినది. 18 వద్ద పెట్టుకొని దుప్పటి కప్పుకొనుటకంటె, 24 వద్ద నుంచి పంకా త్రిప్పుకొనుట విద్యుత్తునకును మేలు, వీధివారికిని మేలు.

 2010లో కొందరు శాస్త్రజ్ఞులు లెక్కకట్టి, తడి బల్బు వేడిమి 35 డిగ్రీలు మనుష్యుని ఓర్పునకు తుది హద్దు అనిరి. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతులగు యువతీయువకులను పరీక్షించి చూడగా, తేమ ఎక్కువగానున్న గాలిలో ఆ హద్దు 31 డిగ్రీలకు సమీపముననే తేలినది. పరీక్షలు జరిపి నూరేండ్లకు పూర్వము హాల్డేన్ చెప్పిన సంఖ్య ఇంచుమించుగా ఇదే. వృద్ధులకును, శిశువులకును, ఎండలో బరువు మోయువారికిని అది ఇంకను తక్కువగానే యుండును.

కావున వేసవిలో వాతావరణ సూచన వినునప్పుడు వేడిమి ఎన్ని డిగ్రీలని మాత్రమే గాక, గాలిలో తేమ ఎంత శాతమని కూడ వినవలసినదిగా శ్రోతలను కోరుచున్నాము. కోస్తాలో ఆ రెండును కూడి పెరిగిన దినమున, ఇంటిలో ముసలివారుండు గదికి గాలి ఆడుచున్నదా, పనిమనిషికి నడుమ నీడపట్టున కూర్చుండు వ్యవధి దొరకినదా, గోడ కట్టు కూలికి మంచినీరు అందుచున్నదా అని ఒకమారు విచారించినచో చాలును. ఇందులకు ఎన్ని టన్నుల యంత్రమని ఎవరును అడుగరు.